బాల్ ప్లేయర్లకి కుకీలు పెట్టిన టీచరమ్మ

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా అండీ... సరే, మైకు కొంచెం దగ్గరగా పెట్టుకుంటాను.

మీలో చాలామంది నన్ను శనివారం పొద్దున బేస్‌బాల్ గ్రౌండు దగ్గర చూసే ఉంటారు, రెండు డబ్బాలు పట్టుకుని కార్లు పెట్టే చోటు నుంచి టీమ్ కూర్చునే డగౌట్ దాకా నడుస్తూ ఉంటాను, ఒకటి ఎర్ర మూత ఇంకోటి తెల్ల మూత. ఏముంది అందులో, ఎవరికి ఇస్తావు, మీ అబ్బాయి ఇప్పుడు ఆ టీమ్‌లో లేడు కదా ఇంకా ఎందుకు వెళ్తున్నావు అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. అడిగిన ప్రతిసారీ ఏదో ఒక ముక్క చెప్పి వచ్చేస్తాను, ఇవాళ మాత్రం అరగంట ఇచ్చారు కాబట్టి మొత్తం చెప్తాను, బోస్టన్‌లో బాల్ ప్లేయర్లకి కుకీలు పెట్టిన లిబ్ డూలీ అనే టీచరమ్మ సంగతితో సహా.

ఇది మా అత్తయ్యతో మొదలైంది. 2016 వేసవిలో తణుకు నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉన్నారు. అప్పుడు మా వాడికి తొమ్మిదేళ్ళు, మసాచుసెట్స్ ష్రూస్‌బరీలో లిటిల్ లీగ్ ఆడుతున్నాడు. లిటిల్ లీగ్ అంటే మీకు తెలుసు, ఊళ్ళో పిల్లల బేస్‌బాల్, ఆరు ఇన్నింగ్స్ ఆట, కోచ్‌లంతా ఎవరో ఒకరి నాన్నలే. అత్తయ్యకి ఆట తెలీదు, క్రికెట్ కూడా మా మావయ్యగారు రేడియోలో వింటుంటే పక్కన వినడమే. మొదటి రోజు ఫోల్డింగ్ కుర్చీలో కూర్చుని గంటన్నర చూసి ఒకే మాట అడిగారు, "ఏమ్మాయ్, ఎండలో ఇంతసేపు నిలబడుతున్నారు, ఈ పిల్లలు ఏం తిన్నారు?"

నేను చూపించాను, డగౌట్‌లో పొద్దుతిరుగుడు గింజల ప్యాకెట్లు ఉంటాయి కదా, అవి గుప్పెడు నోట్లో పోసుకుని పప్పు నమిలి తొక్కలు ఊస్తుంటారు, చిన్నపిల్లల దగ్గర్నుంచి దేశంలో అన్నిటికన్నా పైనుండే పెద్ద లీగ్ వాళ్ళ దాకా అందరిదీ అదే అలవాటు. అత్తయ్యకి అది తిండిలా అనిపించలేదు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి వంటింట్లో మినుములు వేగుతున్న వాసన.

సున్నుండలు చేశారు. నెయ్యి, బెల్లం, మినపపిండి, అందులో జీడిపప్పు కచ్చాపచ్చాగా దంచి కలిపారు, ఇంటి దగ్గర ఎప్పుడూ అలాగే చేస్తారు కాబట్టి. ఇరవై రెండు ఉండలు లెక్కపెట్టి మరీ డబ్బాలో పెట్టారు. ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకు ఇప్పటికీ గొంతు తడారిపోతుంది. టీమ్‌లో ఒక బాబుకి నట్స్ పడవు, ముట్టుకుంటేనే పెదాలు వాస్తాయట, ఆ సంగతి సీజన్ మొదట్లో వచ్చిన ఈమెయిల్‌లో ఉంది, నేను చదివాను, చదివి మర్చిపోయాను. ఆ బాబు ఉండ చేతిలోకి తీసుకున్నాడు. వాళ్ళమ్మ కంచె అవతల నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి చేతిలోంచి లాగేసింది. నోట్లో పెట్టుకోలేదు, దేవుడి దయ. కోచ్ డబ్బా మూత పెట్టి తీసుకెళ్ళి తన కారులో పెట్టేశాడు, ఒక్క మాట కూడా అనలేదు, ఆ బాబు వాళ్ళమ్మ కూడా నన్ను ఏమీ అనలేదు, పిల్లాడి చేతులు నీళ్ళ బాటిల్‌తో కడుగుతూ ఉండిపోయింది. ఆ చేతులు కడగడం నేను ఎప్పటికీ మర్చిపోను.

అత్తయ్య ఆ రోజు ఇంటికొచ్చి భోజనం చెయ్యలేదు. నేను తప్పు నాది అత్తయ్యా అని ఎన్నిసార్లు చెప్పినా, పెట్టిన చెయ్యి నాది కదా అన్నారు. రాత్రి తొమ్మిదింటికి వచ్చి, "ఏమేం పెట్టకూడదో ఒక కాయితం మీద రాసివ్వమ్మాయ్, తెలుగులో" అన్నారు. రాసిచ్చాను, జీడిపప్పు, బాదం, పిస్తా, వేరుశనగ, నువ్వులు. దాన్ని ఫ్రిజ్ మీద అంటించుకుని దానికి దణ్ణం పెట్టినంత పని చేసి, ఆ వారం నువ్వులు లేకుండా చేగోడీలు చేశారు. ముందు ఆ బాబు వాళ్ళమ్మకి ఒక చీటీ మీద ఏమేం వేశామో అన్నీ ఇంగ్లీషులో రాయించి, నూనె పేరు కూడా రాయించి, ఆవిడ చదివి తల ఊపాకే డబ్బా తెరిచారు.

పిల్లలు చేగోడీలు ఎలా తిన్నారో చూడాలండీ. గ్లవ్ లేని చేతి వేళ్ళకి ఒక్కో వేలికి ఒక్కోటి ఉంగరంలా తొడుక్కుని, ఔట్‌ఫీల్డ్‌లో నిలబడి బంతి రానప్పుడు ఒక్కో వేలు కొరుక్కుంటూ. బెంచీ అంతా కరకర.

అత్తయ్య చేసిన ఒక పని నాకు అప్పుడు అర్థం కాలేదు. ఎవరైనా పిల్లాడు మూడు స్ట్రైకులు పడి ఔటై, తల దించుకుని, బ్యాట్ ఈడ్చుకుంటూ డగౌట్‌కి వస్తాడు చూడండి, వాడికే మొదటి చేగోడీ. పరుగులు చేసి వచ్చినవాడికి తర్వాత. నేను అడిగితే ఆవిడ అదేం ప్రశ్న అన్నట్టు చూశారు, "ఆడినవాడికి చప్పట్లు ఉన్నాయిగా" అన్నారు.

అక్కడ స్కోరు పుస్తకం రాసే ఒక పెద్దాయన ఉండేవాడు, డెబ్బై దాటిన మనిషి, పుట్టిందీ పెరిగిందీ బోస్టన్. ఆయన ఇదంతా మూడు నాలుగు వారాలు చూసి నాతో అన్నాడు, మీ అత్తగారిని చూస్తే నాకు లిబ్ డూలీ గుర్తొస్తోంది అని. ఎవరండీ ఆవిడ అంటే, అయ్యో బోస్టన్ దగ్గర ఉంటూ లిబ్ డూలీ తెలీదా అని ఆట మధ్యలో పుస్తకం పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఆవిడ గురించి దొరికింది దొరికినట్టు చదువుతూనే ఉన్నాను, ఇవాళ మీకు చెప్పాలనుకున్నది అసలు ఆవిడ గురించే.

ఎలిజబెత్ డూలీ, అందరూ లిబ్ అనేవాళ్ళు. బోస్టన్ స్కూళ్ళలో టీచర్‌గా చేసి రిటైరైంది. పెళ్ళీ పిల్లలూ ఆస్తులూ అవన్నీ పక్కన పెట్టండి, ఆవిడ జీవితం అంతా రెడ్ సాక్స్, అంటే పెద్ద లీగ్‌లో ఆడే బోస్టన్ టీమ్. వాళ్ళ నాన్న కూడా బోస్టన్ బేస్‌బాల్ తొలినాళ్ళ నుంచీ అభిమానే, అంటే ఇంట్లో పండగల్లాగా ఆట కూడా పెద్దవాళ్ళ నుంచి వచ్చింది. 1944లో మొదలుపెట్టి వాళ్ళ సొంత గ్రౌండు ఫెన్వే పార్క్‌లో జరిగిన ఆటలు ఒక్కటి కూడా మానకుండా నాలుగు వేలకి పైగా చూసింది. నాలుగు వేలు అనేసి ముందుకెళ్ళిపోవడం తేలిక, ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. పెద్ద లీగ్‌లో ఒక టీమ్ ఇప్పుడు ఏడాదికి 162 ఆటలు ఆడుతుంది, అందులో సగం, 81, సొంత ఊళ్ళో. అప్పట్లో అయితే 77. అంటే యాభై ఏళ్ళకి పైగా, ఏప్రిల్‌లో వేళ్ళు కొంకర్లు పోయే చలిలో, జులైలో ఉక్కలో, స్కూలు అయిపోగానే పేపర్లు సంచిలో పెట్టుకుని, జ్వరం వచ్చినా చుట్టాలొచ్చినా వెళ్ళి కూర్చోవడం. మన ఊళ్ళల్లో రోజూ గుడికి వెళ్ళే ముసలమ్మలు ఉంటారు, వాళ్ళు కూడా యాభై ఏళ్ళలో ఒక్క రోజైనా మానే ఉంటారు.

ఆవిడ సీటు ఎక్కడంటే మొదటి వరస, రెడ్ సాక్స్ డగౌట్ పక్కన, తర్వాత బ్యాటింగ్‌కి వెళ్ళేవాడు నిలబడి బ్యాటు ఊపుకునే చోటు ఉంటుంది కదా ఆన్ డెక్ సర్కిల్, దానికి దగ్గరగా. ఫెన్వే చిన్న గ్రౌండు, 1912లో కట్టింది, మొదటి వరసలో కూర్చుంటే ఆటగాడి మెడ మీద చెమట కూడా కనపడుతుంది. ఆ సీటు ఎంత మంచిదో నేను అక్కడికి వెళ్ళి చూశాకే తెలిసింది. బ్యాటింగ్‌కి వెళ్ళే ప్రతివాడూ ఆవిడ ముందు నుంచే వెళ్ళాలి, ఔటై వచ్చే ప్రతివాడూ ఆవిడ ముందు నుంచే రావాలి.

ఆవిడ ఇంట్లో చేసిన కుకీలూ అవీ తెచ్చి వాళ్ళకి ఇచ్చేది. సంతకాలు అడిగే మనిషి కాదట, ఇచ్చే మనిషి. కొత్తగా వచ్చిన పిల్లాడైనా సరే, పేరున్నవాడైనా సరే. తరాలు మారిపోయాయి, ఆటగాళ్ళు వచ్చారు వెళ్ళారు, వేరే టీమ్‌లకి మారిపోయారు, రిటైరయ్యారు, ఆవిడ మాత్రం అక్కడే.

టెడ్ విలియమ్స్ పేరు మీరు వినకపోతే ఒక్క ముక్కలో చెప్తాను, బేస్‌బాల్ చరిత్రలో అంతకన్నా గొప్పగా బంతిని కొట్టినవాడు లేడు అనేవాళ్ళు ఇప్పటికీ లక్షల్లో ఉన్నారు, 1941లో సీజన్ మొత్తానికి .406 సగటు, అంటే పదిసార్లకి నాలుగుసార్లు సరిగ్గా కొట్టాడు, ఆ తర్వాత ఇప్పటిదాకా అమెరికన్ లీగ్‌లో గానీ నేషనల్ లీగ్‌లో గానీ ఎవ్వరూ సీజన్ అంతా ఆడి .400 దాటలేదు. ఆ మనిషికి కోపం ఎక్కువ, పేపర్లవాళ్ళంటే పడదు, జనం చప్పట్లు కొడితే టోపీ తీసి చూపించేవాడు కాదు, 1960లో తన చివరి బ్యాటింగ్‌లో హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది, కొట్టి కూడా టోపీ తియ్యకుండానే డగౌట్‌లోకి వెళ్ళిపోయాడు. అలాంటి మనిషి లిబ్ డూలీకి స్నేహితుడు. రెడ్ సాక్స్‌కి ఆవిడని మించిన అభిమాని లేదని ఆయనే అన్నాడు. తమాషా ఏంటంటే ఆవిడ లెక్క మొదలైన 1944లో ఆయన గ్రౌండులోనే లేడు, యుద్ధం మూలంగా 43 నుంచి 45 దాకా మూడు సీజన్లు సైన్యంలో పైలట్‌గా ఉన్నాడు. అంటే స్టార్ లేని ఏడాది ఆవిడ మొదలుపెట్టింది. నాకు ఆవిడ మీద గౌరవం ఇంకా పెరిగింది అక్కడే.

ఇక్కడ క్రికెట్ చూసే మనవాళ్ళకి ఒక విషయం చెప్పాలి, లేకపోతే ఈ తిండి పెట్టడంలో ఏముంది అనిపిస్తుంది. క్రికెట్‌లో బ్యాట్స్‌మన్ ఔటైతే ఆ ఇన్నింగ్స్‌కి వాడి పని అయిపోయింది, ప్యాడ్లు విప్పేసి కూర్చుంటాడు. బేస్‌బాల్‌లో అలా కాదు, ఒకే రోజు నాలుగైదు సార్లు వెళ్ళాలి. పదిసార్లకి మూడుసార్లు సరిగ్గా కొడితే వాడు చాలా మంచి ఆటగాడు, అంటే ఏడుసార్లు ఔటై తల దించుకుని రావాలి. టెడ్ విలియమ్స్ ఆ గొప్ప ఏడాదిలో కూడా పదికి ఆరుసార్లు ఔటే. మళ్ళీ రేపు ఆట, ఎల్లుండి ఆట, వారానికి ఆరు రోజులు, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా. ఇంత ఓటమి తినాల్సిన ఆట ఇంకోటి ఉందా అని నాకు అనుమానం. ఇప్పుడు ఆ మొదటి వరస సీటు మళ్ళీ ఊహించుకోండి. ఔటైనవాడు వచ్చేటప్పుడు వాడికి మొదట కనపడే మొహం ఎవరిదో. మా అత్తయ్య ఎవరికి మొదటి చేగోడీ ఇచ్చారో నాకు అప్పుడు అర్థమైంది.

ఆకలి అనేది కూడా నిజంగానే ఉండేదండీ ఈ ఆటలో. టీవీలో కనపడే కోట్ల జీతాలు పై వాళ్ళవి. కింద మైనర్ లీగ్ అని ఉంటుంది, మన పక్కన వూస్టర్‌లో 2021లో పోలార్ పార్క్ తెరిచారు కదా, వూసాక్స్ టీమ్, అది పెద్ద లీగ్‌కి ఒక్క మెట్టు కింద. ఆ స్థాయిలో కూడా 2022 దాకా ఆటగాడి కనీస జీతం ఏడాదికి 17,500 డాలర్లు, ఇంకా కింద సింగిల్ ఎ లో 11,000. మసాచుసెట్స్‌లో ఆ డబ్బుతో ఇంటద్దె కూడా రాదు, ఒక అపార్ట్‌మెంట్‌లో నేల మీద పరుపులేసుకుని ఐదారుగురు పడుకునేవాళ్ళు, పీనట్ బటర్ శాండ్‌విచ్‌లే రాత్రి భోజనం. 2023లో యూనియన్ మొదటిసారి ఒప్పందం కుదుర్చుకున్నాక అవి 35,800, 26,200 అయ్యాయి, అంతకు ముందు ఏడాది నుంచే టీమ్‌లు ఉండటానికి చోటు ఇవ్వడం మొదలైంది. ఇది నిన్నగాక మొన్నటి మాట. అంతకు ముందు ఈ దేశంలో చిన్న చిన్న ఊళ్ళల్లో ఆ పిల్లల్ని ఎవరు బతికించారంటే, ఊళ్ళో వాళ్ళు. ఎవరో ఒకామె క్యాసరోల్ చేసి తెచ్చేది, ఎవరో కేక్ తెచ్చేవాళ్ళు, ఎవరో ఇంట్లో ఒక గది ఇచ్చేవాళ్ళు.

ఆ గది ఇచ్చే పద్ధతి ఇప్పటికీ చూడాలంటే కేప్ కాడ్ వెళ్ళండి. బీచ్‌కి ఎలాగూ వెళ్తారు, సాయంత్రం ఆట కూడా చూడండి. జూన్ మధ్య నుంచి ఆగస్టు మొదటి వారం దాకా పది టీమ్‌లు, అన్నీ కాలేజీ పిల్లలే, దేశం నలుమూలల నుంచీ వస్తారు. కాలేజీలో అల్యూమినియం బ్యాట్‌తో ఆడినవాళ్ళు ఇక్కడ చెక్క బ్యాట్ పట్టుకోవాలి, అందుకే పెద్ద టీమ్‌ల కోసం కొత్తవాళ్ళని వెతికే స్కౌట్లంతా ఇక్కడికే వస్తారు. టికెట్ అనేది ఉండదు, మధ్యలో టోపీ తిప్పుతారు, తోచింది వెయ్యడమే. ఆ పిల్లలందరూ ఆ ఊళ్ళల్లో మామూలు కుటుంబాల ఇళ్ళల్లో ఉంటారు. ఆరన్ జడ్జ్ అని న్యూయార్క్ యాంకీస్‌లో ఆరడుగుల ఏడంగుళాల మనిషి, 2022లో 62 హోమ్ రన్‌లు కొట్టాడు, అతను 2012లో కేప్‌లోని బ్రూస్టర్ ఊరి టీమ్‌లో ఆడినవాడే. వరల్డ్ సిరీస్ అంటే పెద్ద లీగ్ ఫైనల్, ఏడు ఆటల్లో నాలుగు ముందు గెలిచినవాళ్ళదే, 1975లో దాని ఆరో ఆటలో పన్నెండో ఇన్నింగ్స్‌లో రెడ్ సాక్స్ తరఫున హోమ్ రన్ కొట్టిన కార్ల్‌టన్ ఫిస్క్ 1966లో కేప్‌లోనే ఓర్లీన్స్‌లో ఆడాడు.

మేము రెండేళ్ళ కిందట ఓర్లీన్స్ వెళ్ళినప్పుడు గడ్డి గట్టు మీద మా పక్కన దుప్పటి పరుచుకుని కూర్చున్నావిడ అలా ఇంట్లో ఇద్దరు పిల్లల్ని పెట్టుకున్నావిడే. నేను ఏం వండుతారండీ వాళ్ళకి అని అడిగాను, ఆ ఒక్క ప్రశ్నతో ఇద్దరం రెండు గంటలు మాట్లాడుకున్నాం, ఆట ఎవరు గెలిచారో కూడా నాకు గుర్తులేదు. వారానికి నాలుగు గ్యాలన్ల పాలు, ఐదు డజన్ల గుడ్లు. రాత్రి ఆట అయ్యి పదకొండింటికి ఇంటికొస్తారు, అప్పుడు పూర్తి భోజనం తింటారు, కాబట్టి ఆవిడ తొమ్మిదింటికి వెళ్ళి ఓవెన్ వేసి మళ్ళీ వస్తుంది ఆటకి. పిచర్‌గా, అంటే బంతి విసిరేవాడిగా ఆడే పిల్లాడు బాగా ఆడని రాత్రి ఏమీ మాట్లాడడట, వంటింటి బల్ల దగ్గర నిలబడే బ్లూబెర్రీ మఫిన్లు నాలుగు తినేసి వెళ్ళి పడుకుంటాడట. ఆవిడ అది చెప్తుంటే కళ్ళల్లో నీళ్ళు. నాకు మా ఊళ్ళో పరీక్ష పోయిన పిల్లాడికి ఏమీ అడక్కుండా పెరుగన్నం కలిపి పెట్టే తల్లులు గుర్తొచ్చారు.

లిబ్ డూలీ ఒక్కతే కాదు, ఆ కాలంలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పేర్లు కూడా ఇవాళ మనం పలకాలి. లాలీ హాప్కిన్స్ అని ప్రొవిడెన్స్ నుంచి వచ్చేది, చేతిలో మెగాఫోన్, దాంట్లోంచి అరిచి ఉత్సాహపరిచేది, టూట్సీ రోల్ చాక్లెట్లు పంచేది. అప్పుడు బోస్టన్‌కి రెండు టీమ్‌లు, బ్రేవ్స్, రెడ్ సాక్స్, ఆవిడ రెండు చోట్లకీ వెళ్ళేది. బ్రేవ్స్ 1953లో మిల్వాకీ వెళ్ళిపోయారు.

ఇంకొకామె న్యూయార్క్‌లో హిల్డా చెస్టర్, బ్రూక్లిన్ డాడ్జర్స్ అభిమాని. పేద మనిషి, వేరుశనగ సంచుల్లో నింపే పని కూడా చేసింది. గుండెపోటు వస్తే డాక్టరు ఇక అరవకూడదు అన్నాడట, ఆవిడ అరవడం మానేసి పెనం, ఇనప గరిటె తీసుకొచ్చి ఎబ్బెట్స్ ఫీల్డ్‌లో వాయించడం మొదలుపెట్టింది, తర్వాత ఆటగాళ్ళే ఒక ఇత్తడి ఆవుగంట కొనిచ్చారు. వంటింట్లోంచి పట్టుకొచ్చిన గరిటెతో మొదలైంది చూడండి. ఈ ఆడవాళ్ళకి అప్పట్లో పెద్ద లీగ్‌లో ఆడటానికి చోటు లేదు, రాయడానికి ప్రెస్ బాక్స్‌లోకి రానిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళ దగ్గర ఉన్నవి గొంతు, గరిటె, ఓవెన్. వాటితోనే ఆటలోకి వచ్చారు, వచ్చి ఆటగాళ్ళకన్నా ఎక్కువ కాలం నిలబడ్డారు.

సరే, చాలామంది రెసిపీ అడిగారు, చెప్పేస్తాను, దీనికీ మన ఊరితో సంబంధం ఉంది. చాక్లెట్ చిప్ కుకీ పుట్టింది ఇక్కడే, మసాచుసెట్స్‌లోనే, విట్మన్ అనే ఊళ్ళో టోల్ హౌస్ అని హోటల్ నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్ 1930ల్లో చేసింది. 1997లో దాన్ని రాష్ట్ర కుకీగా కూడా ప్రకటించారు. ప్యాకెట్ వెనక ఉండే కొలతలే నేనూ వాడతాను, రెండుంపావు కప్పుల మైదా, చెంచా సోడా, చెంచా ఉప్పు, ఒక కప్పు వెన్న, ముప్పావు కప్పు పంచదార, ముప్పావు కప్పు బ్రౌన్ షుగర్, రెండు గుడ్లు, చెంచా వెనిలా, రెండు కప్పుల చిప్స్. చివర్లో ఒక కప్పు నట్స్ అని ఉంటుంది, పిల్లలకి చేసేదాంట్లో అది నేను ఎన్నడూ వెయ్యను, ఎందుకో మీకు ఇప్పుడు తెలుసు. చిప్స్ ప్యాకెట్ మీద కూడా చూసుకోవాలి, నట్స్ ఆడించిన మిషన్ మీద చేశారా అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, ప్రతిసారీ చదవాలి, పోయినసారి చదివాను కదా అనుకోకూడదు.

బ్రౌన్ షుగర్ బదులు నేను బెల్లం వేస్తాను. అత్తయ్య నేర్పిందే. బెల్లం తురిమి వేస్తే గడ్డలు మిగులుతాయి, కాబట్టి వెన్న మెత్తబడ్డాక బెల్లం తురుము అందులో వేసి చేత్తోనే, గిన్నె అంచుకి అరచేత్తో నూరినట్టు కలపాలి, సున్నిపిండిలో నెయ్యి కలిపేటప్పుడు చేస్తాం చూడండి అలాగ. వెన్న రంగు మారి పాలకోవా రంగు వస్తుంది, అప్పుడు గుడ్డు. పిండి కలిపాక రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి, బెల్లం తేమ ఎక్కువ కాబట్టి వెంటనే కాలిస్తే అప్పడంలా పరుచుకుపోతుంది. 375 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పది నిమిషాలు. అంచులు ఎర్రబడి మధ్యలో ఇంకా పచ్చిగా ఉన్నట్టు అనిపించినప్పుడే తియ్యాలి, భయపడొద్దు, ట్రే మీద రెండు నిమిషాలు ఉంటే అదే గట్టిపడుతుంది. మొదటి ట్రే తీసేటప్పుడు వచ్చే వాసన ఉంది చూడండి, కాలిన బెల్లం, వెన్న... సంక్రాంతి ముందు మా అమ్మ అరిసెల పాకం పట్టేటప్పుడు వచ్చే వాసనకి ఇది చెల్లెలు.

జులైలో మాత్రం చాక్లెట్ వద్దు. ఎండకి కరిగి పిల్లల వేళ్ళకి అంటుకుంటుంది, వేళ్ళకి జిడ్డు ఉంటే పిచర్‌కి బంతి జారుతుంది, బంతి మీద ఏదైనా పూశారంటే అంపైర్ ఊరుకోడు కూడా. ఎండల్లో ఓట్స్, ఎండుద్రాక్ష వేసి చేస్తాను, పిచర్‌కి ఆట అయ్యాకే ఇస్తాను, వాడి వాటా పేరు రాసి పక్కన పెడతాను. మూతల రంగులు కూడా అప్పటి నుంచే. ఎర్ర మూత అంటే నట్స్ ఏమీ లేవు, ఆ గిన్నెలూ ఆ గరిటెలూ కూడా వేరే, ఇంట్లో ఇంక దేనికీ వాడను. తెల్ల మూత పెద్దవాళ్ళకి.

పెద్ద లీగ్ ఆటగాళ్ళకి ఇప్పుడు ఇలా ఇవ్వడం కుదరదు, వాళ్ళకి వంటవాళ్ళున్నారు, ఏం తినాలో చెప్పే నిపుణులున్నారు, మందుల పరీక్షలున్నాయి, తెలీని చేతి తిండి తినరు, అది న్యాయమే. నాకు బాధ లేదు. మన ఊళ్ళో గ్రౌండ్లు ఉన్నాయి, హైస్కూలు టీమ్‌లు ఉన్నాయి, కేప్‌లో ఆ పిల్లలున్నారు. అడిగి, చీటీ రాసి, వాళ్ళ కోచ్ సరే అన్నాక పెట్టండి. మా వాడు లిటిల్ లీగ్ వయసు దాటిపోయాడు, అయినా నేను వెళ్తున్నది అందుకే, అక్కడ ఔటై వచ్చే తొమ్మిదేళ్ళ పిల్లలు ఎప్పుడూ ఉంటారు.

ఇంకొక్క విషయం చెప్పి కూర్చుంటాను. రెడ్ సాక్స్ 1918లో వరల్డ్ సిరీస్ గెలిచారు, అప్పటికి లిబ్ డూలీ చిన్నపిల్ల, ఐదేళ్ళుంటాయేమో. ఆ తర్వాత ఎనభై ఆరేళ్ళు గెలవలేదు. ఆవిడ వెళ్ళడం మొదలుపెట్టాక నాలుగుసార్లు అంచుదాకా వచ్చారు, 1946, 1967, 1975, 1986, నాలుగుసార్లూ ఏడో ఆటలో ఓడిపోయారు. మొదటి రెండుసార్లు ఓడించింది సెయింట్ లూయిస్ కార్డినల్స్. 75లో ఫిస్క్ హోమ్ రన్ కొట్టిన ఆ రాత్రి ఫెన్వేలోనే జరిగింది, ఒక్క ఆట కూడా మానలేదు కాబట్టి ఆవిడ అక్కడే ఉండి ఉంటుంది, మర్నాడు ఏడో ఆట పోయింది, అది కూడా ఫెన్వేలోనే, అది కూడా చూసే ఉంటుంది. మళ్ళీ ఏప్రిల్‌లో అదే సీటు, అదే తీపి.

2000 జూన్‌లో ఆవిడ పోయింది, ఎనభై ఏడేళ్ళకి. నాలుగేళ్ళ తర్వాత, 2004 అక్టోబర్‌లో, రెడ్ సాక్స్ గెలిచారు, అదే కార్డినల్స్ మీద, వరసగా నాలుగు ఆటలు. ఆ పెద్దాయన, స్కోరు రాసే ఆయన, ఆ రాత్రి టీవీ ముందు కూర్చుని ముందు ఆవిడనే తలుచుకున్నాడట. నాకు అది చెప్పి కాసేపు మాట్లాడలేదు. అత్తయ్యకి నేను తెలుగులో చెప్పాను. ఆవిడ డబ్బా మూత తీసి ఆయనకి ఇంకో చేగోడీ ఇచ్చారు.

అంతేనండీ. వెనక టేబుల్ మీద రెండు డబ్బాలు పెట్టాను, బెల్లం కుకీలే. పిల్లలకి ఎర్ర మూతదే ఇవ్వండి, తెల్ల మూతలో జీడిపప్పు ఉంది, దయచేసి ఆ చేత్తో ఎర్ర మూత డబ్బా ముట్టుకోకండి, పక్కన టిష్యూలు ఉన్నాయి.